గేమింగ్ కంప్యూటరుకు ఎస్.ఎం.పి.ఎస్. ఎంపిక

ఎస్.ఎం.పి.ఎస్. అనగా స్విచ్ మోడ్ పవర్ సప్లై. గోడలోని సాకెట్టు నుండి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును కంప్యూటరు భాగాలకు అవసరమైన 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి అందించే పరికరమే ఇది. క్యాబినెట్ వెనుక భాగంలో, ఫ్యాను కలిగిన లోహపు పెట్టె రూపంలో ఉంటుంది. కంప్యూటరులోని ప్రతి భాగానికీ విద్యుత్తు దీని ద్వారానే చేరుతుంది కనుక ఇది చెడిపోతే యంత్రం ఆగిపోవడమే కాక, మదర్ బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, హార్డు డిస్కు కూడా దెబ్బతినే అవకాశం ఉంది. విడిభాగాలు కొని అమర్చుకునే అసెంబుల్డ్ గేమింగ్ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు అధిక విద్యుత్తును వినియోగిస్తుంది. అందువలన దీని ఎంపికకు ప్రాధాన్యత ఏర్పడింది. తూర్పు గోదావరి జిల్లాలోని నిడదవోలు వంటి పట్టణాలలో వేసవి వేడిమి, వోల్టేజి హెచ్చుతగ్గులు, విద్యుత్ అంతరాయాలు, సరైన ఎర్తింగు లేని పాత ఇళ్ళు కూడా ఈ ఎంపికను ప్రభావితం చేస్తాయి.

చరిత్ర

తొలినాటి ఎలక్ట్రానిక్ పరికరాలలో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేసే సరఫరాలు ఉండేవి. వాటిలో విద్యుత్తు చాలా భాగం వేడి రూపంలో వృథా అయ్యేది. 1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ స్విచింగ్ పద్ధతి గల తేలికైన సరఫరాను రూపొందించాడు. 1981లో ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో 63.5 వాట్ల సరఫరా, 1984 నాటి ఏ.టి. నమూనాలో 192 వాట్ల సరఫరా ఉండేవి.

1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. ప్రమాణాన్ని ప్రకటించింది. అంతకు ముందు కంప్యూటరు మీటను నొక్కితే నేరుగా 230 వోల్టుల సరఫరానే తెగేది. ఏ.టి.ఎక్స్. వచ్చిన తరువాత మదర్ బోర్డే సరఫరాకు ఆజ్ఞ ఇచ్చే పద్ధతి ఏర్పడింది. కంప్యూటరు ఆపివేసినా 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్తు అందులో ఉంటూనే ఉంటుంది. పెంటియం 4 కాలంలో, 2000లో, ప్రాసెసరు కొరకు ప్రత్యేకంగా నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టరు చేర్చబడింది. 2003లో మదర్ బోర్డు కనెక్టరు 20 పిన్నుల నుండి 24 పిన్నులకు పెరిగింది. 2022లో ఏ.టి.ఎక్స్. 3.0, 2023లో ఏ.టి.ఎక్స్. 3.1 ప్రమాణాలు వెలువడ్డాయి. ఈ పరిణామం అంతటిలోనూ భారం 5 వోల్టుల మార్గం నుండి 12 వోల్టుల మార్గానికి మారుతూ రావడం గమనింపదగిన విషయం. ఆధునిక కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదనే ఆధారపడతాయి.

పనిచేసే విధానం

230 వోల్టులు అనేది ఏకాంతర విద్యుత్తు యొక్క సగటు వర్గమూల విలువ. దాని శిఖర విలువ సుమారు 325 వోల్టులు. ఎస్.ఎం.పి.ఎస్. మొదట ఈ విద్యుత్తును డయోడ్ల సహాయంతో ఏకముఖ విద్యుత్తుగా మార్చి పెద్ద కెపాసిటరులో నిలువ చేస్తుంది. తరువాత ట్రాన్సిస్టర్లు దానిని సెకనుకు అనేక వేల సార్లు తెంపి కలుపుతాయి. ఈ చర్య వలననే దీనికి స్విచ్ మోడ్ అనే పేరు వచ్చింది. పౌనఃపున్యం పెరిగిన కొలదీ ట్రాన్స్‌ఫార్మరు పరిమాణం తగ్గించవచ్చు. అందువలననే అరచేతిలో పట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో వందల వాట్లు అందించడం సాధ్యమైంది. చివరి దశలో వోల్టేజిని వడగట్టి స్థిరపరచి తీగల ద్వారా బయటకు పంపుతారు.

ఏ.టి.ఎక్స్. నియమాల ప్రకారం 12 వోల్టుల మార్గం 11.4 నుండి 12.6 వోల్టుల మధ్య, 5 వోల్టుల మార్గం 4.75 నుండి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఏకముఖ విద్యుత్తులో మిగిలిపోయే చిన్న అలలను రిపుల్ అంటారు. ఇది 12 వోల్టుల మార్గంలో 120 మిల్లీవోల్టులు, 5 వోల్టుల మార్గంలో 50 మిల్లీవోల్టులు మించరాదు. రిపుల్ ఎక్కువైతే ఆట మధ్యలో కంప్యూటరు ఆగిపోవడం, కారణం తెలియకుండా రీస్టార్ట్ కావడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. మదర్ బోర్డు మీది కెపాసిటర్ల ఆయుష్షు కూడా తగ్గుతుంది.

వాటేజి లెక్కించు విధానం

కావలసిన సామర్థ్యాన్ని తెలుసుకొనుటకు ప్రాసెసరు గరిష్ఠ వినియోగం, గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠ వినియోగం, మిగిలిన భాగాల వినియోగం కూడవలెను. మదర్ బోర్డు, ర్యాము, ఎస్.ఎస్.డి., ఫ్యాన్లకు కలిపి సాధారణంగా 50 నుండి 80 వాట్లు సరిపోతాయి. ప్రాసెసరు పెట్టె మీద ముద్రించిన అంకె దాని గరిష్ఠ వినియోగం కాదని గుర్తించాలి. ఇంటెల్ కోర్ ఐ5-12400 మూల సామర్థ్యం 65 వాట్లు కాగా గరిష్ఠం 117 వాట్లు. కోర్ ఐ9-14900కె విషయంలో ఇవి 125, 253 వాట్లు. ఏ.ఎం.డి. రైజెన్ 5 7600 పేరుకు 65 వాట్లదైనా 88 వాట్ల వరకు తీసుకొనగలదు.

ఉదాహరణలు:

* గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు: కోర్ ఐ5-12400కు 117 వాట్లు, ఇతర భాగాలకు 50 వాట్లు, మొత్తం 167 వాట్లు. నాణ్యమైన 300 లేదా 400 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. చాలును.
* మధ్యతరగతి గేమింగ్ కంప్యూటరు: రైజెన్ 5 7600కు 88 వాట్లు, ఆర్.టి.ఎక్స్. 4060 కార్డుకు 115 వాట్లు, ఇతర భాగాలకు 60 వాట్లు, మొత్తం 263 వాట్లు. ఈ కార్డుకు ఎన్విడియా సంస్థ 550 వాట్ల సరఫరాను సిఫారసు చేసింది.
* అత్యున్నత శ్రేణి: కోర్ ఐ9-14900కె ప్రాసెసరుకు 253 వాట్లు, ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుకు 450 వాట్లు, ఇతర భాగాలకు 80 వాట్లు, మొత్తం 783 వాట్లు. ఈ కార్డుకు సంస్థ చెప్పిన కనీసం 850 వాట్లు. ఇంత శక్తిగల ప్రాసెసరు తోడైనప్పుడు 1000 వాట్లు ఎంచుకొనుట క్షేమం.

మొత్తం 263 వాట్లు కాగా 550 వాట్లు ఎందుకు అనే సందేహం సహజం. దీనికి మూడు కారణాలు కలవు. మొదటిది, గ్రాఫిక్స్ కార్డు వినియోగం స్థిరంగా ఉండక సెకనులో అతి స్వల్ప భాగం పాటు సగటుకు రెండు, మూడు రెట్లు పెరుగుతుంది. రెండవది, సరఫరాలు సాధారణంగా సగం భారం వద్ద అత్యధిక దక్షతతో, తక్కువ వేడితో పనిచేస్తాయి. మూడవది, కొన్నేళ్ళ తరువాత మరింత శక్తిగల కార్డు కొనుటకు వీలుంటుంది. అయితే అవసరానికి మూడు, నాలుగు రెట్లు పెద్దది కొనుట వలన ప్రయోజనం లేదు. 1000 వాట్ల సరఫరా ఎప్పుడూ 1000 వాట్లు వాడుకొంటుందనుకొనుట పొరపాటు. కంప్యూటరు అడిగినంత మాత్రమే అది ఇస్తుంది.

లేబులును చదువుట

ఎస్.ఎం.పి.ఎస్. ప్రక్కన అంటించిన పట్టికలో ఒక్కొక్క వోల్టేజికి ఎన్ని ఆంపియర్లో ముద్రించబడి ఉంటుంది. కొనుగోలుదారు ముఖ్యంగా చూడవలసినది 12 వోల్టుల వరుస. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. పెట్టె మీద 500 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉండి, పట్టికలో 12 వోల్టుల వద్ద 18 ఆంపియర్లు మాత్రమే ఉన్నట్లయితే, 12 x 18 = 216 వాట్లు మాత్రమే ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు లభిస్తాయి. పైన చెప్పిన మధ్యతరగతి కంప్యూటరుకు సైతం అది చాలదు. మంచి సరఫరాలలో 12 వోల్టుల వాటా మొత్తం వాటేజికి దాదాపు సమానంగా ఉంటుంది. ఉదాహరణకు 45 ఆంపియర్లు ఉంటే 540 వాట్లు.

తక్కువ ధర క్యాబినెట్లతో పాటు ఉచితంగా వచ్చే సరఫరాలు అనేకం మొదటి రకానికి చెందినవి. ఆఫీసు పనులకు, పాఠశాలల కంప్యూటర్ గదులకు అవి కొంతకాలం పనిచేసినా, గ్రాఫిక్స్ కార్డు అమర్చిన యంత్రానికి తగినవి కావు. ఇతర భాగాలన్నిటికీ డబ్బు ఖర్చు చేసి చివరకు మిగిలిన సొమ్ముతో సరఫరాను కొనుట తరచుగా జరిగే పొరపాటు.

దక్షత, 80 ప్లస్ గుర్తింపు

2004లో అమెరికాలో 80 ప్లస్ అనే స్వచ్ఛంద గుర్తింపు విధానం ప్రారంభమైంది. 20, 50, 100 శాతం భారాల వద్ద కనీసం 80 శాతం దక్షత చూపిన సరఫరాలకు ఈ గుర్తింపు ఇస్తారు. తరువాత ఇందులో శ్రేణులు ఏర్పడ్డాయి. 115 వోల్టుల పరీక్షలో సగం భారం వద్ద ఉండవలసిన దక్షత ఈ విధంగా ఉంటుంది:

* బ్రాంజ్ - 85 శాతం
* సిల్వర్ - 88 శాతం
* గోల్డ్ - 90 శాతం
* ప్లాటినం - 92 శాతం
* టైటానియం - 94 శాతం

భారతదేశంలోని 230 వోల్టుల వద్ద దక్షత దీని కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది. కంప్యూటరు 300 వాట్లు వాడుకొంటున్నప్పుడు 80 శాతం దక్షత గల సరఫరా గోడ నుండి 375 వాట్లు, 90 శాతం దక్షత గలది 333 వాట్లు తీసుకొంటుంది. తేడా సుమారు 42 వాట్లు. రోజుకు 5 గంటల చొప్పున సంవత్సరానికి దాదాపు 76 యూనిట్లు ఆదా అవుతాయి. యూనిట్ 6 రూపాయలు అనుకొంటే ఇది 456 రూపాయలు. బిల్లులో ఆదా స్వల్పమే అయినా, ఆ 42 వాట్ల వేడి పెట్టె లోపల పుట్టకపోవడం వేసవిలో ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ గుర్తింపు దక్షతకు సంబంధించినది మాత్రమే. రిపుల్, రక్షణ వలయాలు, కెపాసిటర్ల నాణ్యత గూర్చి ఇది ఏమియు చెప్పదు. కనుక దీనిని ఒక సూచనగా మాత్రమే తీసుకొనవలెను.

రక్షణ వలయాలు

నాణ్యమైన సరఫరాలో అధిక వోల్టేజి, అల్ప వోల్టేజి, అధిక కరెంటు, అధిక భారం, అధిక ఉష్ణోగ్రత, షార్ట్ సర్క్యూట్ అనే ఆరు స్థితులలోనూ తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. లోపం వచ్చినప్పుడు మిగిలిన భాగాలను కాపాడేవి ఇవే. చౌక సరఫరాలలో వీటిలో కొన్ని ఉండవు. అందువలన రెండు సరఫరాలు మామూలు రోజున ఒకే విధంగా పనిచేసినా, విఫలమైన రోజున వాటి మధ్య భేదం బయటపడుతుంది.

కనెక్టర్లు, తీగలు

మదర్ బోర్డు స్లాటు నుండి గ్రాఫిక్స్ కార్డుకు 75 వాట్లు లభిస్తాయి. ఆరు పిన్నుల తీగ మరొక 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తాయి. 2022 నుండి కొత్త కార్డులలో 600 వాట్ల వరకు మోయగల 16 పిన్నుల కనెక్టరు వచ్చింది. అదే సంవత్సరం ఆర్.టి.ఎక్స్. 4090 కార్డులలో ఈ కనెక్టరు కరిగిపోయిన ఘటనలు వెలుగులోకి వచ్చాయి. పూర్తిగా లోపలికి దిగకుండా అమర్చడం ముఖ్య కారణాలలో ఒకటిగా గుర్తించబడింది. 2023 నాటి ఏ.టి.ఎక్స్. 3.1లో సెన్సు పిన్నులను పొట్టిచేసి, కనెక్టరు సరిగా దిగనిచో కార్డు పనిచేయకుండా మార్పు చేశారు.

మాడ్యులర్ సరఫరాలలో తీగలను విడదీయవచ్చు. అయితే ఒక సరఫరా తీగలను వేరొక దానికి వాడరాదు. సరఫరా వైపున పిన్నుల అమరికకు సార్వత్రిక ప్రమాణం లేదు. తీగ చక్కగా పట్టినప్పటికీ 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వచ్చి హార్డు డిస్కులు క్షణంలో కాలిపోవచ్చు. అందులోని ఫోటోలు, పాఠాలు, ఆఫీసు కాగితాలు పోతే తిరిగి కొనుటకు దొరకవు.

గోదావరి జిల్లాలలోని పరిస్థితులు

నిడదవోలు పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. ఈ ప్రాంతానికి విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ విద్యుత్తును సరఫరా చేస్తుంది. ఈ మండలంలోని విజ్జేశ్వరంలో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ 272 మెగావాట్ల సామర్థ్యంతో సహజవాయు విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. విద్యుత్ కేంద్రం దగ్గరలో ఉన్నంత మాత్రాన ఇంటిలో వోల్టేజి బాగుంటుందని చెప్పలేము. అక్కడ ఉత్పత్తి అయిన విద్యుత్తు గ్రిడ్డులో కలుస్తుంది. ఇంటి వోల్టేజిని నిర్ణయించేవి ఆ వీధి ట్రాన్స్‌ఫార్మరు, దానిమీది భారం, లైను పొడవు.

వోల్టేజి హెచ్చుతగ్గులు: రైస్ మిల్లుల మోటార్లు, వ్యవసాయ బోర్లు, చేపల చెరువుల ఏరేటర్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు లైను చివరి ఇళ్ళలో వోల్టేజి పడిపోవచ్చు. యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ కలిగి, లేబులు మీద 100-240 వోల్టులు అని ఉన్న సరఫరా ఇటువంటి లో వోల్టేజిని తట్టుకొంటుంది. 200-240 వోల్టులు అని మాత్రమే ఉన్నది అటువంటి సమయంలో ఆగిపోవచ్చు. దీనికి విరుద్ధమైన ప్రమాదం న్యూట్రల్ తీగ తెగుట. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగినప్పుడు కొన్ని ఇళ్ళకు 230 బదులు 400 వోల్టులకు చేరువగా రావచ్చు. ఏ సరఫరా అయినా దీనిని ఎక్కువసేపు భరించలేదు. బల్బులు అసాధారణంగా వెలిగినట్లు కనిపించిన వెంటనే మెయిన్ ఆపి 1912 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

విద్యుత్ అంతరాయం: మంచి సరఫరా విద్యుత్తు పోయిన తరువాత కూడా దాదాపు 16 మిల్లీసెకన్లు కంప్యూటరును నిలబెట్టగలదు. యు.పి.ఎస్. ఆ లోపల బ్యాటరీకి మారాలి. సాధారణ యు.పి.ఎస్.లు 10 మిల్లీసెకన్ల లోపున మారతాయి. ఇళ్ళలోని ఇన్వర్టర్లలో చాలావాటికి యు.పి.ఎస్., ఎకో అనే రెండు స్థితుల మీట ఉంటుంది. కంప్యూటరు వాడే ఇంటిలో దానిని యు.పి.ఎస్. స్థితిలో ఉంచాలి. 600 వి.ఏ. యు.పి.ఎస్. అనేది సాధారణంగా 360 వాట్లు మాత్రమే మోయగలదు. గేమింగ్ కంప్యూటరు ఆడుతున్నప్పుడు మానిటరుతో కలిపి అది చాలకపోవచ్చు. యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ గల సరఫరాకు శుద్ధ సైన్ తరంగం ఇచ్చే యు.పి.ఎస్. శ్రేష్ఠం.

ఎర్తింగు: క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమని షాకు తగులుతున్నదనే ఫిర్యాదు తెలుగు ప్రాంతాలలో సాధారణం. ఎస్.ఎం.పి.ఎస్. చెడిపోయినందువలననే ఇది జరుగుతుందని అనుకొనుట అన్ని వేళలా సరికాదు. విద్యుత్ రొదను వడగట్టుటకు ఫేజు, న్యూట్రల్ రెంటి నుండి లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలుపుతారు. మూడవ పిన్నుకు ఎర్తు లేకపోతే పెట్టె మీద ఇంటి వోల్టేజిలో దాదాపు సగం నిలుస్తుంది. ప్రవాహం అతి స్వల్పం కనుక మామూలుగా ప్రాణాపాయం ఉండదు. కాని లోపల ఫేజు తీగ పెట్టెకు తగిలిన రోజున కాపాడవలసిన ఎర్తు కూడా లేదని ఈ షాకు తెలుపుతుంది. కొత్త ఎస్.ఎం.పి.ఎస్. కొన్నా ఈ లోపం పోదు. ఎలక్ట్రీషియను చేత బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గొయ్యిని తనిఖీ చేయించి, మూడు పిన్నుల సాకెట్టుకు తీగ కలిపించాలి. మూడవ పిన్ను విరిచి వాడుట అపాయకరం.

వేడిమి, దుమ్ము: మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. క్యాబినెట్ లోపల వేడి ఇంకా ఎక్కువ. 25 డిగ్రీల వద్ద చెప్పిన వాటేజి 50 డిగ్రీల వద్ద లభించకపోవచ్చు. కనుక 40 లేదా 50 డిగ్రీల వద్ద పూర్తి సామర్థ్యం ఇస్తుందని తయారీదారు తెలిపిన దానిని ఎంచుకోవాలి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటరు ఆయుష్షు సుమారు సగమవుతుంది. 85 డిగ్రీల కెపాసిటర్ల కంటే 105 డిగ్రీలవి మేలు. ఊక దుమ్ము, వర్షాకాలపు తేమ, చీమలు, బల్లులు కూడా సరఫరాలను పాడుచేస్తాయి. క్యాబినెట్‌ను నేల మీద కాక బల్ల మీద ఉంచి, జాలీని నెలకొకసారి శుభ్రపరచుట మంచిది.

పిడుగులు, తుఫానులు: 1996 నవంబరు 6 నాటి తుఫాను, 2025 అక్టోబరు 28 నాటి మోంథా తుఫాను వంటి సందర్భాలలో గోదావరి జిల్లాలలో స్తంభాలు పడి సరఫరా నిలిచిపోయింది. ఉరుములు, పెనుగాలులు ఉన్నప్పుడు మీట ఆపుట మాత్రమే చాలదు. ప్లగ్గును సాకెట్టు నుండి తీసివేయాలి. సరఫరా పునరుద్ధరించిన తరువాత వోల్టేజి నిలకడగా ఉన్నదని తెలిసేవరకు ఆగుట మంచిది.

కొనుగోలు

రాజమండ్రి, విజయవాడ, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల, అంతర్జాల దుకాణాలలో కోర్సెయిర్, సీసానిక్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్, యాంటెక్ మొదలైన సంస్థల సరఫరాలు లభిస్తాయి. ఒకే సంస్థ ఉత్తమ రకాన్ని, సామాన్య రకాన్ని కూడా తయారుచేస్తుంది కనుక సంస్థ పేరు కంటే నమూనా పేరు ముఖ్యం. కొనేముందు చూడవలసినవి:

* 12 వోల్టుల ఆంపియర్లు
* ఇన్‌పుట్ వోల్టేజి 100-240 వోల్టులు
* రక్షణ వలయాల జాబితా
* గ్రాఫిక్స్ కార్డుకు తగిన కనెక్టర్లు
* క్యాబినెట్‌లో పట్టే పరిమాణం. ఏ.టి.ఎక్స్. సరఫరా వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు
* వారంటీ కాలం. మంచి సరఫరాలకు ఇది 5 నుండి 10 సంవత్సరాలు ఉంటుంది
* బిల్లు, సర్వీసు కేంద్రం ఉన్న పట్టణం

భద్రత

కంప్యూటరు ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతకాలం నిలిచి ఉండవచ్చు. అనుభవం లేనివారు సరఫరా పెట్టెను విప్పరాదు. కాలిన వాసన, చిటపట ధ్వని, ఫ్యాను తిరగకపోవుట, ఆట ప్రారంభించగానే కంప్యూటరు ఆగిపోవుట కనిపిస్తే దానిని వాడుట మానవలెను. పాడైన సరఫరాను చెత్తకుండీలో వేయక ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించవలెను.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* మదర్ బోర్డు
* ట్రాన్స్‌ఫార్మరు
* కెపాసిటరు
* యు.పి.ఎస్.
* నిడదవోలు
* విజ్జేశ్వరం